అల్గారిదాన్ని అడగాల్సిన ప్రశ్నలు

పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు అల్గారిదం పరిచయమయ్యేది ఎక్కువగా ఫోన్‌లోనే. నచ్చని రీల్ వస్తే అదిమిపట్టి, ఆసక్తి లేదని నొక్కుతారు. ఇంట్లోవాళ్లు అదే ఫోన్‌లో సీరియళ్లు చూస్తుంటే తమ సిఫార్సులు పాడవకుండా వేరే ఖాతా తెరుస్తారు. ఏం చేస్తే ఏం వస్తుందో వారికి అనుభవం మీద తెలుసు. అదంతా దేనికోసం నడుస్తోందన్నది మరో ప్రశ్న. యూట్యూబ్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పత్రం ప్రకారం, అప్పటి సిఫార్సు వ్యవస్థ మొదట లక్షల వీడియోల్లోంచి కొన్ని వందలను ఏరేది. తర్వాత, ఎంతసేపు చూస్తారన్న అంచనాను బట్టి వాటిని వరుసలో పెట్టేది. చూసినవారికి ఏం ఒరిగిందన్నది ఆ అంచనాలోకి వచ్చేది కాదు.

ఆ తర్వాత, అడిగితే జవాబు రాసిచ్చే చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. అమెరికాలో 13–17 ఏళ్లవారిలో చదువు పనికి దాన్ని వాడినవారు 2023లో 13 శాతం, 2024లో 26 శాతమని ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేల్లో తేలింది. ఇలాంటి భాషా నమూనా, తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ వాక్యం అల్లుతుంది. అందుకే లేని పుస్తకానికి కూడా తడుముకోకుండా రచయిత పేరు చెప్పగలదు. జవాబు దించుకునే విద్యార్థికి ఈ తప్పు కనిపించదు. తాను చేసిన లెక్కలో ఏ మెట్టు దగ్గర పొరబడ్డాడో అడిగే విద్యార్థికి మాత్రం, వచ్చిన జవాబును సరిచూసుకునే ఆధారం చేతిలోనే ఉంటుంది.

అల్గారిదాన్ని పిల్లలు నిలదీసిన సందర్భమూ ఉంది. కోవిడ్ వల్ల 2020లో ఇంగ్లండ్‌లో పాఠశాల చదువు ముగింపులో రాసే ఎ-లెవెల్ పరీక్షలు రద్దయ్యాయి. పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్, ఉపాధ్యాయులిచ్చిన ర్యాంకులకు ఆయా పాఠశాలల పాత ఫలితాలు జోడించి గ్రేడ్లు తేల్చింది. ఆగస్టు 13న ఫలితాలొచ్చేసరికి దాదాపు 40 శాతం గ్రేడ్లు ఉపాధ్యాయుల అంచనా కన్నా తగ్గాయి. వెనుకబడిన బడిలో బాగా చదివినవారికి బడి చరిత్రే అడ్డొచ్చింది. విద్యార్థులు చాలా తక్కువగా ఉన్న తరగతుల్లో ఉపాధ్యాయుల గ్రేడే నిలవడంతో, అలాంటి తరగతులు ఎక్కువగా ఉండే ప్రైవేటు బడులకు మేలు జరిగింది. విద్యార్థులు లండన్‌లో విద్యాశాఖ ముందు నినదించారు. నాలుగు రోజులకే, 17న, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ గణితం వారికి రాకపోయినా, గ్రేడ్ తమ చదువుకా, తమ బడికా అన్న ప్రశ్న సరైనదే.

ఇలాంటి ప్రశ్నలు బడి పిల్లలతో ఆగవు. నేడు పట్టా అందుకుంటున్నవారిలో కొందరు ఇలాంటి నమూనాలు తయారుచేస్తారు, కొందరు వాటి ఫలితాల మీద సంతకం పెడతారు, కొందరు పాఠం చెబుతారు. ఏ సమాచారంతో నేర్పారు, దేన్ని పెంచడానికి నడుపుతున్నారు, తప్పు జరిగితే జవాబుదారీ ఎవరు అన్న మూడు ప్రశ్నలూ వీరందరి పనిలోనూ భాగమే.