ఇంజను నూనెకు నీటి చలువా? గాలి చలువా?

నిరుడు వైశాఖమాసంలో కుటుంబంతో రాజమహేంద్రవరం నుండి మారేడుమిల్లి మీదుగా చింతూరు బయలుదేరాము. ఘాటు మలుపులు ఎక్కుతుండగా వేడిని చూపే ముల్లు ఎర్రగీతను సమీపించింది. కారును నీడకు చేర్చి, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత కూలెంటు తొట్టి మూత తీసి చూచితే, ఆకుపచ్చని నీరు ఉండవలసిన చోట కాఫీరంగు ముద్ద తేలుతున్నది. ఇంజను నూనె నీటిలో కలిసిపోయినదన్నమాట. కారును మరొక వాహనానికి కట్టించి ఇంటికి చేర్చుకొన్నాము. ఆ సందర్భంలో తెలిసికొన్న సంగతులు కారు గల శ్రోతలకు ఉపయోగపడగలవని నేడు మనవి చేస్తున్నాను.

ఇంజనులో నూనె చేసే పని రెండు విధాలు. తిరిగే భాగాల నడుమ పలుచని పొరగా నిలిచి అవి ఒరసికొనకుండా కాపాడుతుంది. నీరు చేరలేని చోట్ల పుట్టే వేడిని మోసికొని వస్తుంది. సామాన్యంగా అది 90 నుండి 110 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో చక్కగా పనిచేస్తుంది. అంతకు మించి మరీ కాగితే పలుచబడి పొర తెగుతుంది. మరీ చల్లగా ఉంటే చిక్కనై సన్నని దారులలో త్వరగా పారదు. అదిగాక, పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత నూనెలో చేరుతుంది. ఆ తేమ వదలిపోవాలంటే నూనె బాగా కాగవలె. కావున నూనెకు కావలసినది చలువ మాత్రమే కాదు, తగిన వేడి.

నేటి అనేక కార్లలో కర్మాగారంవారు నీటితో పనిచేసే ఆయిల్ కూలరును అమర్చుతున్నారు. పలుచని లోహపు పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. పలకకు ఈ వైపు నూనె, ఆ వైపు కూలెంటు. ఉదయం ఇంజను కదిలించగానే ముందుగా వేడెక్కే నీరు నూనెకు వేడినిస్తుంది. ఎండలో పరుగెత్తేటప్పుడు నూనెలోని అధికమైన వేడిని అదే నీరు తీసికొంటుంది.

లోపమూ అక్కడే ఉన్నది. పలక సన్నగా పగిలినా, గాస్కెట్టు గట్టిపడినా రెండూ కలుస్తాయి. ఇంజను నడుస్తున్నంతసేపు నూనె పీడనమే ఎక్కువ గనుక నూనె నీటిలోకి పోతుంది. ఇంజను ఆపగానే నూనె పీడనం పడిపోతుంది, వేడినీటి పీడనం కొంతసేపు నిలుస్తుంది. అప్పుడు నీరు నూనెలోకి రావచ్చు. బేరింగులకు అంతకంటె హాని లేదు.

మా కారును చూచిన కుర్ర మెకానిక్కు, "ఆయ్, ఇది పీకేసి ముందర గాలి కూలరు పెట్టేద్దామండి. ఇంక నీళ్ళూ నూనే కలిసే గొడవే ఉండదండి" అన్నాడు. పక్కనున్న పెద్దమేస్త్రి మాత్రం, "హెడ్డు గాస్కెట్టు పోయినా ఇలాగే కలుస్తుంది బాబుగారూ. ముందు కూలరు విప్పి, గాలి పట్టి, నీళ్ళలో ముంచి చూడనివ్వండి" అన్నాడు. ముంచితే బుడగలు వచ్చాయి. దోషం కూలరుదేనని తేలింది. ఆ పరీక్ష చేయకుండా ఏ కూలరు మార్చినా డబ్బు వృథా కావచ్చును.

గాలిచలువ కొత్త సంగతి కాదు. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజనులో నీరే లేదు, దాని నూనెను చల్లార్చేదీ గాలే. ఐతే ఆ కూలరు గాలిదారికి అడ్డుగా ఉన్నందున దాని వెనుక ఉన్న మూడవ సిలిండరుకు చాలినంత గాలి అందేది కాదు. 1971 నమూనాలలో కూలరును పక్కకు జరిపి వేరే గాలిదారి కల్పించారు. నేటి కార్లలో రేడియేటరు ముందు గాలి కూలరు బిగించేవారు ఈ సంగతి మరువరాదు. నూనెను చల్లార్చబోయి నీటికి అందే గాలిని అడ్డగించవచ్చు.

మా కారు తిరుగుడు ఎక్కువగా ఊరిలోనే, లేదా వంతెన దాటి కొవ్వూరు వరకు. అంత చిన్న ప్రయాణాలలో నూనె కాగడమే కష్టం. కావున కర్మాగారపు కూలరునే కొత్తది వేయించాను. నూనె తాకి ఉబ్బిన నీటి గొట్టాలను మార్పించి, లోపలి జిడ్డు పోయేవరకు పలుమార్లు కడిగించాను.

మా బావమరిది సంగతి వేరు. అతడు టాక్సీ నడుపుతాడు. వేసవిలోనూ నిండు బరువుతో భద్రాచలం ఘాటు ఎక్కుతాడు. ఆ కారు ఆగితే బ్యాంకు వాయిదా ఆగుతుంది, పిల్లల బడి జీతం ఆగుతుంది. అతని కారులోనూ కూలరు కారినప్పుడు గాలి కూలరునే ఎంచుకొన్నాడు, కాని థర్మోస్టాట్‌తో సహా. కాలువకు లాకు ఎట్టిదో నూనెకు థర్మోస్టాట్ అట్టిది. నూనె కాగేవరకు దానిని కూలరువైపు దాదాపు పోనివ్వదు. అది లేని గాలి కూలరు మన్యపు చలికాలపు ఉదయాన మేలుకంటె కీడే చేస్తుంది.

అతడు పాటించిన మరికొన్ని జాగ్రత్తలు చెబుతాను. నూనె పీడనానికి తట్టుకొనే గొట్టాలనే, యంత్రంతో నొక్కిన కొసలతో వేయించాడు. గొట్టం ఊడితే నూనె క్షణాలలో నేలపాలవుతుంది. పాత కూలరు నీటి దారిని ఇష్టం వచ్చినట్లు మూయక, ప్రవాహం చెడని విధంగా కలిపించాడు. కూలరూ గొట్టాలూ నింపడానికి అదనంగా పట్టే నూనె పోయించి, కారు నడిపి ఆపిన తరువాత కొలపుల్ల చూచుకొన్నాడు. కారుకు కంపెనీ పూచీ గడువు తీరినదని కూడా నిర్ధారించుకొన్నాడు.

ఐనను ఒకనాడు మండపేట దారిలో వేడి పెరిగింది. రోడ్డుపై రైతులు ఎండబోసిన ధాన్యపు తాలు, గడ్డిపోచలు కూలరు రెక్కలలో నిండిపోయాయి. నాటినుండి కోతల రోజులలో వారం వారం, వెనుక నుండి ముందుకు, సన్నని నీటిధారతో కడుగుతున్నాడు. ధార జోరైతే రెక్కలు వంగిపోతాయి. ఉప్పుగాలి తగిలే సముద్రతీరపు ఊళ్ళవారికి ఈ కడుగుడు మరింత అవసరం.

నీటి చలువ మేలా, గాలి చలువ మేలా అని నన్నడిగితే, మీ కారు ఏ దారిని, ఎంత దూరం, ఎంత బరువుతో పోతున్నదని నేను తిరిగి అడుగుతాను. ఏ కూలరున్నా వారానికొకసారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు తొట్టి మూత తీసి చూడండి. నూనె దీపం వెలిగిన మరుక్షణం ఇంజను ఆపండి. ఇల్లు దగ్గరే గదా అని ముందుకు సాగితే ఇంజను దక్కదు.