మందుల పద్దున కూరగాయలు



మందుతో పాటు పథ్యము చెప్పుట మన వైద్యులకు అనాదిగా వచ్చుచున్న ఆచారము. కాని పథ్యము చెప్పుట వేఱు, అది రోగికి లభించుట వేఱు. ఆకుకూరలు, పండ్లు తినుమని వైద్యుడు చెప్పగా తలయూచి, వట్టి చేతులతో ఇల్లు చేరు పేదవాని గతి యేమి? ఈ ప్రశ్నకు అమెరికాలోని ఒక పల్లెపట్టున లభించిన సమాధానము అందఱును తెలిసికొనదగినది.

ఆ దేశపు దక్షిణభాగమున మిసిసిపీ రాష్ట్రము కలదు. అందలి మౌండ్ బాయూ అను ఊరిని, దాస్యమునుండి విముక్తులైన నల్లజాతివారు 1887లో స్థాపించిరి. ఆ ప్రాంతము ప్రత్తి సేద్యమునకు పేరుగన్నది. 1960 తరువాతి సంవత్సరములలో ప్రత్తి తీయు యంత్రములును, కలుపును చంపు మందులును వ్యాపింపగా, పాలికి సేద్యము చేయువారికిని, కూలివారికిని పని లేకపోయెను. చుట్టును సారవంతమైన నేల. దాని నడుమ పస్తులుండు కుటుంబములు!

1967లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయము పక్షమున జాక్ గైగర్ అను వైద్యుడు, తన సహచరులతో అచ్చట ఆరోగ్యకేంద్రమును నెలకొల్పెను. వచ్చిన బిడ్డలలో పలువురి రోగమునకు మూలము ఆకలియే యని వైద్యులు గ్రహించిరి. అంతట వారు మందుచీటీపై పాలు, కూరగాయలు, పండ్లు, మాంసము ఇంతింత యని వ్రాసి యిచ్చిరి. సమీప గ్రామములలోని నల్లజాతి వర్తకులు ఆ చీటీలను పుచ్చుకొని సరుకులిచ్చిరి. వాని వెలను ఆరోగ్యకేంద్రము తన మందుల పద్దునుండి చెల్లించెను.

కేంద్రమునకు ధనమిచ్చు ప్రభుత్వశాఖవారు దీనికి ఆక్షేపణ తెలిపిరి. మందులకై యిచ్చిన సొమ్ము మందులకే వినియోగింపవలెనని వారి వాదము. పోషణలేమి యను రోగమునకు వైద్యగ్రంథములు విధించు మందు ఆహారమే యని గైగర్ బదులు చెప్పెను. లెక్కకు లెక్కయు సరిపోయెను, శాస్త్రమునకు శాస్త్రమును సరిపోయెను.

అయినను చీటీతో వచ్చిన కూర కొలది దినములకే చాలును. కావున 1968లో, జాన్ హాచ్ అను సంఘసేవకుని తోడ్పాటుతో, ఆ పేదలే ఉత్తర బొలివర్ కౌంటీ వ్యవసాయ సహకార సంఘమును స్థాపించుకొనిరి. ప్రత్తి యెఱిగిన చేతులు చిక్కుళ్లను, ఆకుకూరలను, చిలగడదుంపలను పండించెను. పని చేసినవారికి కూలిలో కొంత నగదుగను, కొంత కూరగాయలుగను ముట్టెను. నిన్న చీటీ పట్టుకొని నిలిచినవారు నేడు పంటకు యజమానులైరి.

కాలక్రమమున ఈ పద్ధతి ఆ దేశమున వ్యాపించెను. వైద్యులు వ్రాయు కూరగాయల, పండ్ల చీటీలకు ధనసహాయము చేయు పథకము 2018 నాటి అమెరికా వ్యవసాయ చట్టమున చోటు చేసికొనెను.

పోషణలేమికి ఆహారమే మందైనపుడు, దానికగు వ్యయమును దానధర్మముల క్రింద గాక చికిత్స క్రింద వ్రాయుటయే న్యాయము. దానమైనచో దాత మనసు మారిన నాడు ఆగిపోవును. చికిత్సయైనచో రోగి కోలుకొను వఱకు సాగవలసినదే. కావున పథ్యము చెప్పువారు రోగి నాడిని చూచిన తరువాత, అతని యింట పొయ్యిపై ఏమి యుడుకుచున్నదో కూడ అడుగుట అవసరము.