కంప్యూటర్ అసలు ఏ పని కోసం పుట్టింది?

ఒకప్పుడు కంప్యూటర్ అంటే మెషీన్ కాదు, మనిషి. కూర్చుని లెక్కలు కట్టే ఉద్యోగిని అలా పిలిచేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో ముందే తెలియాలి. ఒక్క గుండు దారి లెక్క కట్టడానికి మనిషికి దాదాపు 20 గంటలు పట్టేది. అందుకే ఎనియాక్ అనే మెషీన్ మొదలుపెట్టారు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, గది నిండా అదే! ఆ లెక్క 30 సెకన్లలో అయిపోయింది. కానీ 1946లో దాన్ని జనానికి చూపించేసరికి యుద్ధమే ముగిసిపోయింది.

మరి మూలన పడేశారా? లేదు. 1950లో అదే మెషీన్‌తో గాలి కదలికలు లెక్కేసి వాతావరణం అంచనా వేశారు. 24 గంటల అంచనాకి దాదాపు 24 గంటలూ పట్టింది. అంటే రేపటి సంగతి రేపటికి గానీ తెలియదు! నవ్వొస్తుంది కదా? కానీ ఇవాళ మన కోస్తాకి తుఫాను వస్తోందని రోజుల ముందే చెప్పి, ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారంటే ఆ దారి మొదలైంది అక్కడే.

గుండు కోసం పుట్టిన మెషీన్‌ని ఎవరో గాలి గురించి అడిగారు, అంతే. నేను నిన్న రాత్రంతా నా ఫోన్‌ని రీల్స్ మాత్రమే అడిగాను. మీరేం అడిగారు? కామెంట్‌లో చెప్పండి.