ఇంటిపేరులోని యూరు



బర్కత్‌పురలోని మా యింట మొన్న నా మనుమఁడు తన యింటిపేరును ఒక్క పొడియక్షరముగ వ్రాసికొనెను. “నాయనా, ఆ యక్షరములో ఒక యూరున్నది” అంటిని. “ఎక్కడ, తాతా?” అనెను. చెప్పలేకపోతిని. మా నాయనగారిని నేనెన్నఁడును అడిగియుండలేదు.

ఇంగ్లండునందు పూర్వము డర్హము సీమలో వాషింగ్టను అను గ్రామముండెను. ఆ పేరే వంశనామమై సముద్రము దాఁటి, 1789లో అమెరికా ప్రథమాధ్యక్షుఁడైన జార్జితో లోకప్రసిద్ధమయ్యెను. మనలోను అంతియే. సర్వేపల్లి నెల్లూరిసీమ గ్రామము. రాధాకృష్ణపండితులు 1888లో తిరుత్తణియందు జన్మించినను ఆ పేరు విడువలేదు. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియైన రామకృష్ణారావుగారి వంశమువారు పుల్లంరాజువారు. షాద్‌నగరు చెంతనున్న బూర్గుల గ్రామమే వారికి ఇంటిపేరైనది.

పొలము అమ్ముడుపోవును, ఇల్లు కూలును, ఇంటిపేరు నిలుచును. పెద్దలారా, దాని జాడ మీకు తెలిసియున్నచో పిల్లలకు నేఁడే చెప్పుఁడు.