కృష్ణారెడ్డిగారి రేకుపై నీరు



మన ఆకివీటి యొద్ద ఉప్పుటేటి గట్టున పుట్టి పెరిగినవారికి నీటిని గూర్చి యొకరు చెప్పనక్కఱలేదు. తెల్లవాఱుజామున దోనె సాగునప్పుడు గడపోటుకు లేచిన అల, దాని యడుగున నల్లని బురద, ఆ రెంటినడుమ ఒక్కసారి మెఱసి మాయమగు కొఱ్ఱమేను వీపు, ఇవన్నియు మనకు ఒక్క చూపుననే కానవచ్చును. ఆ ఒక్క చూపును లోహపురేకుపై నిలుపుటకై ఆయువంతయు ధారపోసిన తెలుగువారొకరు ఉండిరనియు, వారి పేరు మన పిల్లల కెఱుకపడలేదనియు చెప్పుటకే నేడిట నిలిచితిని.

వారే కృష్ణారెడ్డిగారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరున జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసుకు శిష్యులై, మదరాసు కళాక్షేత్రమున చిత్రకళ బోధించి, లండనులోని స్లేడ్ పాఠశాలలో శిల్పమభ్యసించి, 1950ల ఆరంభమున పారిస్ చేరి, హేటర్ అను ఆంగ్లేయుని ‘అటెలియే 17’ ముద్రణశాలలో ప్రవేశించిరి. మోనే చిత్రించిన కలువకొలనులు 1927 నుండి ఆ నగరముననే, ఆరాంజెరీ మ్యూజియము గోడల నిండ పఱచుకొనియున్నవి. రంగులను పలకపై కలిపివేయక పక్కపక్కనే యుంచి, కలుపు పనిని చూపరి కంటికే విడిచినవారు మోనే మొదలగు ఇంప్రెషనిస్టులు. కృష్ణారెడ్డిగారు ఆ శాఖవారు కారు. అయినను కదలు నీటిని కదలని తలముపై ఎట్లుంచవలెనను వారి ప్రశ్నయే వీరికిని సంక్రమించినదని నా తలంపు.

వీరు కనుగొన్న సమాధానము మన వంటయింటి అనుభవమునకు మిక్కిలి చేరువ. చేపలపులుసుపై తేలిన నూనె పులుసుతో కలియునా? వీరు రేకును ఆమ్లముతోను ఉలితోను తొలిచి, మెట్లు మెట్లుగా లోతులు కల్పించెడివారు. ఒక సిరాలో అవిసెనూనె హెచ్చుగా కలిపి పలుచన చేసి, గట్టి రోలరుతో పైమెట్టునకు మాత్రమే అంటించెడివారు. పిమ్మట చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లింపగా, అది లోతులకు దిగి యంటునేగాని, నూనెతో నిగనిగలాడు పైమెట్టున దానికి పట్టు దొరకదు. తోటి కళాకారుఁడు కైకో మోతీ, హేటరుగార్ల సాహచర్యమున రూపొందిన యీ పద్ధతిచే, పలు రంగులు ఒకే రేకున కలియక నిలిచి, కాగితము ఒక్కమాఱు ప్రెస్సులో సాగినంతనే బొమ్మ యగును.

1952లో ‘చేప’ చెక్కిరి. 1963లో ‘అల’, ‘సుడిగుండము’. ఈ కడపటి దానిని, నడిమినుండి వెలికి విచ్చుకొను ఆ సన్నని గీతలను, పుస్తకమున తొలిసారి చూచినపుడు, దోనెపై నిలిచి విసరిన వల గాలిలో గుండ్రముగా విప్పారు క్షణము నా కన్నులఁ గట్టినది.

1972లో పద్మశ్రీ లభించినది. తరువాత న్యూయార్కునకు వలసపోయి, అక్కడి విశ్వవిద్యాలయమున బోధించి, 2018లో ఆ నగరముననే కన్నుమూసిరి. అంతకు రెండేండ్లు ముందే, 2016లో, మెట్రోపాలిటన్ మ్యూజియము హేటరు, కళాకారిణి జరీనా హష్మీల పనితోపాటు వీరి పనిని ప్రదర్శించినది.

అచ్చుబొమ్మ తైలచిత్రమువలె ఏకైక వస్తువు కాదు. ఒకే రేకునుండి పెక్కు ప్రతులు వెలువడును. కావున సభవారికి నాదొక్క విన్నపము. ‘సుడిగుండము’ ప్రతి యొక్కటియైనను ఏలూరికో తాడేపల్లిగూడెమునకో తెప్పించుటకు పూనుకొనుఁడు. తెప్పించిననాడు మన దోనెలవారిని, వలలవారిని ముందువరుసన కూర్చుండఁబెట్టుఁడు. ఆ సుడి ఎటు తిరుగుచున్నదో, దాని యడుగున ఎంత లోతున్నదో వారు చెప్పుచుండగా వినవలెనని నాకు ఎంతయో కోరికగా నున్నది.