పంతొమ్మిది పరుగులు

(గద్వాలలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ గురించి మాట్లాడమని పిలిస్తే ఈవిడ క్రికెట్ ఎత్తుకుందేమిటి అనుకుంటారేమో. ఒక్క ఆట సంగతి చెబుతాను. కూలి మాట దానంతట అదే వస్తుంది.

1997 డిసెంబర్ 24, ఢిల్లీ. మహిళల ప్రపంచ కప్ సెమీఫైనల్. మనకు ఎదురు ఆస్ట్రేలియా. ఆటను 32 ఓవర్లకు కుదించారు. ఆస్ట్రేలియా 123 పరుగులు చేసింది. మనవాళ్లు ఓవర్లు వేయడంలో ఆలస్యం చేశారని వాళ్ల వంతులో రెండు ఓవర్లు కోసేశారు. 30 ఓవర్లలో 124 కొట్టాలి. 104 దగ్గర ఆట అయిపోయింది. పంతొమ్మిది పరుగుల తేడా. ఆ పన్నెండు బంతులూ ఉండుంటే గెలిచేవాళ్లా? కష్టమేనని నా అభిప్రాయం. కానీ నన్ను వేధించేది ఆ లెక్క కాదు.

ఆ ప్రపంచ కప్ జట్టులో మన సికింద్రాబాద్ పూర్ణిమా రావు ఉన్నారు. అంతకుముందు దేశానికి నాయకత్వం వహించిన ఆటగత్తె. దేశం తరఫున ఆడుతున్న ఆ స్త్రీలకు ఆడినందుకు ఇంత అని చెప్పుకోదగ్గ ఫీజు లేదు. 1973లో పుట్టిన మహిళా క్రికెట్ సంఘం దగ్గర డబ్బు లేదు. డబ్బున్న బోర్డు పురుషులది. రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో ప్రయాణాలు, డార్మిటరీల్లో పడకలు: ఆ తరం వాళ్లు ఇవన్నీ తర్వాత చెప్పుకున్నారు. రైల్వేలోనో, ఎయిర్ ఇండియాలోనో ఉద్యోగం దొరికితే ఇల్లు గడిచేది. దాన్ని అందరూ ‘ఆట మీద మక్కువ’ అన్నారు. ఆడవాళ్ల పనికి డబ్బివ్వకూడదనుకున్నప్పుడు ఇలాంటి మంచి పేర్లే పెడతారు. ఇంట్లో చేస్తే ప్రేమ, బయట చేస్తే సేవ.

అమెరికాలో 1943లో మగ ఆటగాళ్లు యుద్ధానికి వెళితే స్త్రీలతో బేస్‌బాల్ లీగ్ పెట్టారు. వారం వారం జీతం ఇచ్చారు. అయితే పొట్టి గౌన్లు వేసుకుని ఆడాలి, నడక, మాటతీరు, ముస్తాబు నేర్చుకోవాలి! 1954తో అదీ మూతపడింది. అయినా ఆడటం పనేనని, దానికి జీతం ఇవ్వాలని అక్కడ ఒప్పుకున్నారు.

1997 ప్రపంచ కప్ ప్రాబబుల్స్‌లో పద్నాలుగేళ్ల మిథాలీ రాజ్ పేరు ఉంది. తుది జట్టులో చోటు దొరకలేదు. 2005లో ఆమె నాయకత్వంలోనే జట్టు ఫైనల్ చేరింది. అప్పుడు తమకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు ముట్టాయని ఆమె తర్వాత చెప్పారు. 2006లో మహిళల క్రికెట్ పురుషుల బోర్డు కిందకు వచ్చింది. 2022 అక్టోబర్‌లో సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించారు. వన్డేకు 6 లక్షలు, ఇద్దరికీ ఒకటే. 2025 నవంబర్‌లో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది.

సంతోషమే. కానీ కాగితం రెండో వైపు కూడా చూడాలి. 2024-25 వార్షిక ఒప్పందాల్లో పురుషుల పై శ్రేణికి 7 కోట్లు, స్త్రీల పై శ్రేణికి 50 లక్షలు. రోజు కూలి సమానం చేసి, ఏడాది లెక్కలో తేడా పెట్టడం మీకు కొత్తా? పత్తి విత్తనాల చేలలో మీరు చూస్తున్నదే కదా. పువ్వు గుచ్చే పని ఆడపిల్లలది, బేరమాడే పని ఇంకొకరిది. గద్వాల చీర మగ్గం మీద ఉంటే నేసేవాడి పేరు చెబుతారు. కండెలు చుట్టిన చేతులు ఏ లెక్కలోకి వస్తాయి?

కాబట్టి ఈ మూడు నెలల్లో నాకొక సాయం చేయండి. మీ ఊళ్లో పది మగ్గాల ఇళ్లు ఎంచుకోండి. నూలు విప్పడం దగ్గర నుంచి చీర మడత పెట్టేదాకా ఏ పని ఎవరు చేస్తారు, ఎన్ని గంటలు, డబ్బు ఎవరి చేతికి వస్తుంది, రాసుకోండి. చదువు రానివాళ్లు చెబితే పక్కింటి బడిపిల్లతో రాయించండి. వచ్చే సమావేశంలో ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుందాం.