కోటయు, కూరతోటయు



కోట యనిన తోడనే మనకు రాజసభయు, అంతఃపురమును, గుర్రపుశాలలును, నడుమ నొక దేవాలయమును జ్ఞప్తికి వచ్చును. నేనీ పూట చెప్పబోవు కోటలో ఏ రాజును కాపురముండలేదు. అది సిపాయీలు కట్టి, సిపాయీలు కాచి, సిపాయీలే విడిచిపోయిన కోట. దాని పేరు టైకాండెరోగా. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రమున, చాంప్లేన్ అను పెద్ద సరస్సు గట్టున నున్నది. ఒక వేసవిలో నేనచ్చట రెండు దినములు గడపితిని. అచ్చట చూచినదియు, చూచుచుండగా మన దేశమును గూర్చి నాకు తోచినదియు మీకు మనవి చేసెదను.

ముందుగా ఆ చోటి ముఖ్యత తెలియవలెను. ఉత్తరమున కెనడా వైపునకు చాంప్లేన్ సరస్సు. దక్షిణమున జార్జి సరస్సు. ఈ రెంటిని కలుపుచు నొక చిన్న యేరు రాళ్లమీదుగా దుముకుచు పారును. అందు పడవ సాగదు. బాటలు లేని యా కాలమున, దట్టమైన యడవులలో, నీరే బాట. ఎటునుండి యెటు పోవువాడైనను ఇచ్చట పడవ దిగి, సామాను మోసికొని, మరల పడవ యెక్కవలసినదే. ఆ మెడను పట్టుకొన్నవాడు దారినంతటిని పట్టుకొన్నట్లే. టైకాండెరోగా యను మాట ఆ ప్రాంతపు ఆదిమజాతుల భాషనుండి వచ్చినది. రెండు నీళ్ల నడిమి చోటని దానికి భావము చెప్పుదురు.

1755వ సంవత్సరమున ఫ్రెంచివారు ఈ మెడపై కోట కట్ట మొదలిడిరి. మొదట దుంగలు పేర్చి నడుమ మన్ను నింపిరి. పిదప వెలుపల రాతికట్టడము కట్టిరి. పైనుండి చూచినచో నది నక్షత్రమువలె కోణములు కోణములుగా నుండును. ఒక కోణమునుండి పేల్చు తుపాకి ప్రక్క గోడ మొదటిని కాచును. గోడ చెంతకు వచ్చిన శత్రువునకు దాగుటకు మూల యుండదు.

ఈ యుద్ధము మనకు దూరమైనదని తలంపవలదు. ఫ్రెంచివారును ఇంగ్లీషువారును ఆ కాలమున రెండు భూఖండములలోను పోరుచుండిరి. ఆ సరస్సు గట్టున ఈ గోడలు లేచుచున్న దినములలోనే, 1757 జనవరి 24వ తేదీన, బుస్సీ దొర ఫిరంగుల యెదుట మన బొబ్బిలి కోట కూలినది. 1758 డిసెంబరున చందుర్తి కడ ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను ఇంగ్లీషువారు రాత్రివేళ లగ్గలు పట్టి గైకొనిరి. అదే సంవత్సరము జూలైలో టైకాండెరోగాయు వారి చేజిక్కినది. మూడు నెలల యెడములో, భూమికి రెండు వైపుల, ఒకే జాతి రెండు కోటలను పోగొట్టుకొన్నది. ఒకే తగవు మన తాతముత్తాతల పొలములను, ఆ యడవి ప్రజల వేటభూములను కూడ త్రొక్కినది.

ఆ కోట చూచిన పోరులలో 1758 జూలై 8వ తేదీది ఘోరమైనది. ఇంగ్లీషు సేనాని ఆబర్‌క్రాంబీ సుమారు 16,000 మందితో వచ్చెను. ఫ్రెంచి సేనాని మోంకాల్మ్ కడ 4,000కు లోబడిన సేన. మోంకాల్మ్ కోట వెలుపలి మెట్టపై దుంగల అడ్డుకట్ట కట్టించి, దాని ముందు చెట్లను నరికించి, కొమ్మల మొనలు చెక్కించి శత్రువు వైపునకు త్రిప్పి పడవేయించెను. మన రైతు చేనిచుట్టు ముండ్లకంప వేయు విధమే యది. ఆబర్‌క్రాంబీ ఫిరంగులు రాకమునుపే కాల్బలమును తోలెను. సాయంకాలమునకు చచ్చినవారును, గాయపడినవారును కలిసి ఇంగ్లీషు పక్షమున సుమారు 2,000 మంది. స్కాట్లండు కొండసీమనుండి వచ్చిన యొక దళమున సగముకంటె నెక్కువమంది ఆ కంపలో పడిపోయిరి. మరుసటి సంవత్సరము ఇంగ్లీషువారు ఫిరంగులతో మరల రాగా, ఫ్రెంచివారు మందుకొట్టును పేల్చి వెడలిపోయిరి.

తరువాత అమెరికావారు ఇంగ్లండుపై తిరుగబడిరి. 1775 మే 10వ తేదీ వేకువజామున ఈథన్ ఆలెన్, బెనెడిక్టు ఆర్నాల్డు అనువారు కొలదిమందితో నిదురించు కావలివారిపై బడి, ప్రాణనష్టము లేకయే కోటను పట్టుకొనిరి. ఆ శీతకాలమున హెన్రీ నాక్సు అను పుస్తకముల వర్తకుడు, ఇరువదియైదేండ్ల పడుచువాడు, సుమారు 60 ఫిరంగులను మంచుబండ్లపై నెక్కించి, ఎద్దులచేతను గుర్రములచేతను ఈడ్పించుచు, దాదాపు 300 మైళ్లు నడపి బోస్టను చేర్చెను. వానిని పట్టణపు మెట్టలపై నెక్కింపగా, 1776 మార్చి 17వ తేదీన ఇంగ్లీషు సేన ఓడలెక్కి బోస్టను విడిచినది.

అట్టి కోట 1777లో ఒక్క గుండైనను దాకకయే పోయినది. కోటకు మైలు దూరమున నొక కొండ కలదు. దానిపైకి ఫిరంగు లెక్కవని కావలివారు దాని నుపేక్షించిరి. ఇంగ్లీషువారు చెట్లు కొట్టి, దారి చేసి, ఫిరంగుల నెక్కించిరి. కొండపైనుండి కోట ముంగిలి అరచేతివలె కనబడును. జూలై 5వ తేదీ రాత్రి అమెరికా సేన కోటను ఖాళీచేసి వెడలిపోయెను. నేనా కొండ యెక్కి చూచితిని. గోడ యెంత మందమైనను, ఎత్తు ఇతరుని చేతికి పోయినచో ఫలములేదని అచ్చట నిలిచినవాని కెవ్వరును బోధింప నక్కరలేదు.

యుద్ధములు ముగిసినపిదప కోట దిక్కులేనిదయ్యెను. చుట్టుపట్ల కాపురములవారు రాళ్లను, దూలములను తమ యిండ్లకు తీసికొనిపోయిరి. ఇది మనకు క్రొత్త గాదు. మన కోటల రాళ్లెన్ని పశువుల కొట్టములలో నున్నవో మీరెరుగుదురు. 1820లో విలియమ్ పెల్ అను వర్తకుడు ఆ భూమిని కొని, శిథిలములను చెడనీయక కాపాడెను. ఆ వంశమువారే 1908లో పునర్నిర్మాణమునకు పూనిరి. 1909 జూలైలో దేశాధ్యక్షుడు టాఫ్టు సమక్షమున ఉత్సవము జరిగినది. 1931లో కోటను సాకుటకై యొక సంఘ మేర్పడినది.

ఇక నేడచ్చట జరుగు విశేషము. చరిత్రను చదివి వినిపించుటతో వారు తృప్తిపడక, చేసి చూపుచున్నారు. ఇటీవలి కాలమున వారు కోట చరిత్రలో నొక్కొక్క సంవత్సరము నెన్నుకొని, ఆ సంవత్సరమున కావలియున్న సిపాయీల దుస్తులు, తిండి, కసరత్తు, పనిపాటలు అన్నియు యథాతథముగ నడపుట వాడుక. డోళ్లు, పిల్లనగ్రోవులు వినబడును. ఒకడు తూటా కాగితమును పంట కొరికి, మందు పోసి, గుండు దిగవేసినట్లు చూపి, కమ్మితో కూరి పేల్చును. అట్టి తుపాకిని నిముషమునకు మూడు మారులు పేల్చువాడు గట్టి సిపాయి. మందు తడిసెనా, అది వట్టి కఱ్ఱ. కొన్ని దినములలో వందలకొలది జనులు ఉభయ సేనల వేషములు ధరించి పోరు నభినయింతురు.

నన్నెక్కువసేపు నిలిపినవాడు తుపాకి పట్టినవాడు గాడు, చెప్పులు కుట్టువాడు. కోటలో నొక గదిలో కూర్చుండి, నారదారమునకు మైనమును కీలును పట్టించి, సూదికి మారుగా పంది వెండ్రుకను దారపు కొనకు ముడిపెట్టి, ఆరెతో తోలు పొడిచి, సిపాయి జోడు కుట్టుచుండెను. ఆ కాలపు జోడులో కుడియెడమల భేదములేదు. ఒకే యచ్చుపై రెండును కుట్టెడివారు. ఒకే ప్రక్క అరుగకుండ సిపాయీలు వానిని కాలు మార్చి తొడుగుకొనెడివారు. ఈ విద్య యెవరి కడ నేర్చితివని యడిగితిని. గురుపరంపర తెగిపోయినదనియు, నేలలో దొరకిన పాత జోళ్ల కుట్లు చూచియు, పాత గ్రంథములు చదివియు, తోలు పాడుచేసికొని చేసికొని నేర్చితిననియు అతడు చెప్పెను. ఆ మాట నన్ను విడువలేదు.

కోట దిగువను, సరస్సు వైపున, తోట కలదు. రాజుగారి తోట యని దాని పేరు. రాజు చేయి దానిపై నెన్నడును పడలేదు. ఫ్రెంచి సిపాయీలు కోట కట్టు దినములలోనే అచ్చట కూరగాయలు వేసిరి. దానికి కారణము రుచి గాదు, ప్రాణము. శీతకాలమున సరస్సు గడ్డకట్టును, రాకపోకలు నిలుచును. ఉప్పు మాంసము, పిండి, ఎండు బఠాణీలు మాత్రమే తిను సిపాయికి చిగుళ్లు వాచి నెత్తురు కారును, పండ్లు కదలును, మానిన గాయములు మరల విచ్చుకొనును. ఆ జాడ్యమునకు స్కర్వీ యని పేరు. 1747లో జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు నిమ్మ, నారింజలతో అది కుదురుట పరీక్షించి చూపెను. పచ్చికూరలలోను, పండ్లలోను గల విటమిను లోపమే దానికి మూలమని 20వ శతాబ్దిలో తెలిసినది. ఏటేట ఉసిరికాయ ఊరవేయు మన గృహిణులు ఈ శాస్త్రము పేరెరుగకయే దాని ఫలము ననుభవించిరి. ఆ యుత్తరసీమలో కోట గోడకెంత విలువయో, ఆకుకూర మడికిని అంత విలువ.

1920 ప్రాంతమున మేరియన్ కాఫిన్ అను విదుషి ఆ తోటకు క్రొత్త రూపము కల్పించెను. స్త్రీలు ఈ వృత్తిలో అరుదైన కాలమున పేరుగన్న తోటల నిర్మాత యామె. ఇటుక గోడల నడుమ పూలమడులు తీర్చెను. మధ్యకాలమున తోట బీడుపడి, 20వ శతాబ్ది చివర మరల బాగుచేయబడినది.

ఆ ప్రాంతపు ఆదిమజాతుల సేద్యము కూడ చెప్పదగినది. వారు మొక్కజొన్నను, చిక్కుడును, గుమ్మడిని ఒకే గుంటలో వేసెడివారు. వానిని ముగ్గురు అక్కచెల్లెండ్రందురు. జొన్న దంటు చిక్కుడునకు పందిరి. చిక్కుడు నేలకు సత్తువ. గుమ్మడి యాకు తేమకు గొడుగు. జొన్నలో కంది వేయు మన రైతునకు ఇది వింతగాదు. మన మొక్కజొన్నయు, మిరపయు, తీపి గుమ్మడియు ఆ ఖండమునుండి వచ్చినవే. కోటలు కట్టినవారి జెండాలు మారినవి. ఆ విత్తనములు మన దొడ్లలో నేటికిని మొలచుచున్నవి.

ఈ వేషములలో లోపములేదని చెప్పజాలను. పోరులో పడినవాడు సాయంకాలము లేచి దుమ్ము దులుపుకొని భోజనమునకు పోవును. 1776లో కెనడానుండి ఓడి వచ్చిన సేనలో మసూచికము రేగి, పోరులో చచ్చినవారికంటె రోగమున చచ్చినవారు మెండైరి. దానిని అభినయించు టెట్లు? ఇద్దరు రాజుల తగవులో తమ నీటిబాటలను కోల్పోయిన ఆదిమజాతుల దుఃఖము డోలు మ్రోతలో వినబడునా? చూచువాడు తానే యోచించుకొనవలెను. అయినను కుట్టుచున్న చేతిని చూచిన పిల్లవాడు, చచ్చిన సిపాయి కూడ చెప్పు తొడిగిన మనిషియే యని గ్రహించును. అది చాల గొప్ప లాభము.

పెద్దలారా! మనకును కోటలు కొల్లలు. కొండవీడు, గండికోట, కొండపల్లి, గోలకొండ, ఓరుగల్లు. వానిలో కొన్నింట చరిత్ర ఇంకను బ్రతికియున్నది. ఆషాఢమున స్త్రీలు బోనము లెత్తుకొని గోలకొండలోని జగదంబ గుడికి నడచుట వేషము గాదు. కొండపల్లి కోట శిథిలమైనను, కొండక్రింద పొణికికఱ్ఱతో బొమ్మలు చెక్కు చేతులాడుచునే యున్నవి. బొబ్బిలి పోరును మన కథకులు తరతరములుగా పాడి నిలిపిరి.

కాని మన ప్రాయమువారితో పోవుచున్న విద్య లెన్నియో గలవు. కపిల తోలినవారు, కొన్ని సీమలలో మోట యందురు, ఇంకెందరు మిగిలియున్నారు? తోలు తొండమును బానకు కూర్చు విధము, ఎద్దులు వెనుకకు నడుచుట కలవాటుపడు క్రమము, గింజ చెడకుండ పాతర పూయుట, బండిచక్రమునకు ఇనుపకట్టు కాచి యెక్కించుట, ఇవి పుస్తకములలో లేవు. మీ చేతులలో నున్నవి. అమెరికాలో పరంపర తెగినపిదప చిరిగిన జోళ్లను నేలనుండి త్రవ్వి ముడి ముడిగా విప్పి చదువవలసి వచ్చెను. మనకింకను తెగలేదు, తెగుటకు మాత్రము ఒక తరమే యెడము.

అందుచేత నాదొక విన్నపము. మీ యూరి బడి ఉపాధ్యాయునితో మాటాడి, ఏడాదికొక దినమైనను, మీ యూరి మెట్ట కడనో, పాడుబడిన బురుజు నీడనో, పిల్లలను కూర్చుండబెట్టి, మీ చేతికి వచ్చిన పనిని మాటలతో గాక చేసి చూపుడు. అటకమీది పనిముట్టును దించి, దాని పేరు చెప్పి, పిల్లవాని చేతి కిండు. ఒక పెరటిమడిలో మీ పాత విత్తనము వేయించుడు. దీనికి ప్రభుత్వపు సొమ్ము అక్కరలేదు. ఎద్దు లేకున్న మోకు చాలును. మోకు లేకున్న ముడి వేయ నేర్పుడు.

సెలవు.